నలభై అయిదో పేజీ

ఆఫీసులో ఆవిణ్ని అందరూ కామా అక్క అనేవారు. పదిహేడేళ్లుగా అచ్చుతప్పులు చూసీ చూసీ, చివరికి తోటివాళ్లు రాసుకునే సెలవు చీటీల్లో కూడా కామా ఎక్కడ పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పేరు పెట్టింది స్కానింగ్ గదిలో పనిచేసే పెద్దాయన. మొదట్లో ఆవిడకు ఒళ్లు మండింది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనను కాదనుకుని తల తిప్పడం కూడా మానేసింది.

ఆవిడ పనిచేసేది పెద్ద గ్రంథాలయంలో, మూడో అంతస్తులో, డిజిటల్ విభాగంలో. కింది అంతస్తుల్లోని పాత పుస్తకాలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. స్కానింగ్ గదిలో పేజీ పేజీకీ ఫొటో తీస్తారు. ఆ ఫొటోలు ఆన్‌లైన్ గ్రంథాలయంలోకి ఎక్కుతాయి. చూపున్నవాళ్లకు అంతటితో సరిపోతుంది. చూపు లేనివాళ్లకు మాత్రం పేజీ ఫొటో అంటే గోడతో సమానం. వాళ్ల ఫోన్లలో, కంప్యూటర్లలో తెరమీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి అక్షరాలు కావాలి, అక్షరాల ఫొటో పనికిరాదు. అందుకని ఫొటోల్లోంచి అక్షరాలు ఏరే మరో సాఫ్ట్‌వేర్‌ను గ్రంథాలయంవాళ్లు తెచ్చారు. అది ఏరుతుంది. గింజలతో పాటు రాళ్లూ ఏరుతుంది. ఆ రాళ్లు తీసేయడం కామా అక్క పని.

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లు మూసుకుని, చూపు లేని మనిషి ఎలా వింటాడో అలా పుస్తకం వినాలి. ఎక్కడ అర్థం చెడితే అక్కడ ఆపి, కళ్లు తెరిచి, అసలు పేజీతో పోల్చి సరిచేయాలి. రెండు వరుసల్లో అచ్చైన పేజీని సాఫ్ట్‌వేర్ అడ్డంగా చదివేస్తుంది. ఎడమవైపు పసిపిల్లల పోషణ గురించీ కుడివైపు పశువుల రోగాల గురించీ ఉంటే, రెండూ కలిసి కొత్త శాస్త్రం పుడుతుంది. బొమ్మ వస్తే "బొమ్మ" అని ఊరుకుంటుంది. ఆ బొమ్మలో ఏముందో రెండు వాక్యాల్లో ఆవిడే రాయాలి. అన్నిటికంటే ప్రాణం తీసేవి పట్టికలు. ప్రతి గడికీ ఇది ఏ వరుసలోది, ఏ శీర్షిక కిందిది అని గుర్తులు పెట్టాలి. పెద్ద పట్టిక తగిలితే ఒక పూట దానికే సరి.

అలా మూడేళ్లలో ఆవిడ నాలుగు వందల పన్నెండు పుస్తకాలు విన్నది. మొదట్లో పేజీలు పోల్చిపెట్టడానికి తోడుగా ఇంకో ఇద్దరుండేవారు. ఒకరిని వేరే విభాగానికి పంపారు, ఇంకొకరు మానేశారు. వాళ్ల కుర్చీల్లో ఇప్పుడు హెడ్‌ఫోన్ల డబ్బాలు పెట్టుకుంది.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. అది పదకొండు వేల పుస్తకాలు పూర్తిచేసింది. దాంతో ప్రారంభోత్సవానికి తేదీ పెట్టేశారు. విభాగానికి పెద్దగా ఉన్న సారు, అందరూ పెద్దసారు అనే ఆయన, ఒకరోజు మధ్యాహ్నం కామా అక్క బల్ల దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. జాబితాలోని పుస్తకాలన్నీ చూపు లేని పాఠకుల కోసం పూర్తిగా పరిశీలించామని అందులో ఉంది. కింద సంతకానికి జాగా, ఆ జాగా పక్కన ఆవిడ పేరు.

అన్నీ పరిశీలించలేదు కదా సార్ అంది కామా అక్క. పెద్దసారు గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, తానూ ఈ బల్ల మీదే ఉద్యోగం మొదలుపెట్టానని గుర్తుచేశాడు. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు సరిగ్గా వస్తుందని సాఫ్ట్‌వేర్‌వాళ్లు రాసిచ్చారట. ఆవిడ ఒక్కతే కూర్చుని వింటే పదకొండు వేలూ పూర్తయ్యేసరికి డెబ్భై ఎనభై ఏళ్లు పడుతుందట. అంతవరకూ వాళ్లను గుమ్మం బయటే నిలబెడదామా అని అడిగాడు. మిగిలిన రెండు పాళ్లూ ఎక్కడ పడతాయో ఎవరికి తెలుసు అనాలనిపించింది. కానీ కలం తీసుకుంది. సంతకం పెట్టింది.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. ఏ పుస్తకం తెరిచినా, మొదటి పేజీకి ముందే "ఈ పుస్తకం పూర్తిగా పరిశీలించబడినది" అనే వాక్యం వినపడేలా పెట్టారు.

ఏడు నెలల తర్వాత, పాఠకులు తప్పులు తెలియజేసే పెట్టెలో ఒక ఉత్తరం పడింది. అలాంటివి రోజుకు రెండో మూడో వస్తూనే ఉంటాయి. ఇది మాత్రం ఆఫీసు కాగితంలా తీరుగా ఉంది. పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య, వినపడినది ఏమిటి, కాగితం మీద ఉన్నది ఏమిటి, అన్నీ వరుసగా రాసుకొచ్చాడు ఒక లాయరు. చివర ఇలా ఉంది: "నేను చూపు లేనివాణ్ని. ఈ పేజీని నమ్మి గడువు లెక్కపెట్టాను. నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు ఉద్యోగం తిరిగి దక్కే దారి మూసుకుపోయేలా ఉంది. దయచేసి సరిచేయగలరు."

కామా అక్క కుర్చీలోంచి లేచింది. కిందికి వెళ్లి, ఆ పుస్తకాన్ని వెతికించి, తనే పైకి మోసుకొచ్చింది. అది ఆస్పత్రులు నడిపే ఒక సంస్థ సిబ్బంది నిబంధనల పుస్తకం. ముప్పై ఏళ్ల కిందటి అచ్చు, ఇప్పటికీ అమల్లో ఉన్నది అదే. బయట ఎక్కడా దొరకదు. నలభై అయిదో పేజీలో ఒక పట్టిక ఉంది. ఎడమవైపు ఏడు రకాల ఉత్తర్వులు, కుడివైపు ఒక్కోదాని మీద ఎన్ని రోజుల్లోగా అప్పీలు పెట్టుకోవాలో ఏడు అంకెలు. మొదటి అంకె పదిహేను. దాని మీద గ్రంథాలయం గుండ్రటి ముద్ర పడి ఉంది. ఎవరో ఎప్పుడో గట్టిగా గుద్దారు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. సాఫ్ట్‌వేర్ ముందు ఏడు ఉత్తర్వులూ గడగడా చదివింది. తర్వాత అంకెలు చదివింది. ముద్ర కింది పదిహేను దానికి అంకెలా కనపడలేదు, వదిలేసింది. ముప్పైతో మొదలుపెట్టి ఆరు అంకెలు చదివి, ఆగకుండా అడుగునున్న పేజీ సంఖ్యను కూడా వాటితో కలిపేసింది. ముప్పై, తొంభై, అరవై, ముప్పై, తొంభై, అరవై, నలభై అయిదు. లెక్కకు ఏడూ ఉన్నాయి. ఎంత జాగ్రత్త గల మనిషికైనా అనుమానం రాదు. ఉద్యోగం నుంచి తీసేసే ఉత్తర్వు రెండోది. కాగితం మీద దాని గడువు ముప్పై రోజులు. చెవికి వినపడే గడువు తొంభై.

కామా అక్క రెండుసార్లు విని, మూడోసారి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. వేళ్ల మీద కూడా తొంభయ్యే వచ్చింది.

పెద్దసారుకు చూపించింది. ఆయన పేజీ చూశాడు, విన్నాడు, ముఖం తుడుచుకున్నాడు. వెంటనే సరిచేయమన్నాడు. తప్పులకు గ్రంథాలయం బాధ్యత వహించదని వెబ్‌సైట్ అడుగున రాసే ఉంది కాబట్టి, ఆ మాటే మర్యాదగా జవాబు రాయమన్నాడు. ఆవిడ పట్టిక సరిచేసింది. జవాబు మాత్రం రాయలేకపోయింది. ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, తాను వచ్చి కలవచ్చా అని అడిగింది. లాయరు రమ్మన్నాడు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన తన గది ఉందని, ఇరవై రెండు మెట్లని, పదమూడోది కాస్త పొట్టిదని, చూసుకుని ఎక్కమని చెప్పాడు.

లాయరు నలభై దాటిన మనిషి. బల్ల మీద కంప్యూటర్, పక్కన ఫైళ్లు, ప్రతి ఫైలు మూలకూ ఒక్కో తీరుగా ముడివేసిన దారం. గోడ వార బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. కుడిచెయ్యి చీరకొంగులో దాచుకుంది. ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో పదకొండేళ్లు పనిచేసిందని లాయరు చెప్పాడు. దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి యంత్రంలో చెయ్యి పడింది. మూడు వేళ్లు పోయాయి. చికిత్సలో ఉన్న రెండు నెలలనూ అనుమతి లేని గైర్హాజరు అని రాసి ఉద్యోగంలోంచి తీసేశారు. నలుగురు లాయర్ల దగ్గరికి వెళ్లిందట. తన గోడు చివరిదాకా విన్నది ఈయనొక్కడే కాబట్టి ఇక్కడ ఆగిందట. యంత్రానికి చెయ్యి పడకుండా ఆపే తలుపు బిగించలేదని సాక్ష్యం చెప్పేవాళ్లను వెతికి, కాగితాలన్నీ కూడగట్టి, ఆయన యాభై రెండో రోజున అప్పీలు పెట్టాడు. ఇంకా ముప్పై ఎనిమిది రోజులు చేతిలో ఉన్నాయనే అనుకున్నాడు. గడువు ముప్పై రోజులేనని ఆస్పత్రివాళ్లు అడ్డం చెప్పాకే తప్పు బయటపడింది.

లాయరు గొంతులో కోపం లేదు. సాక్షిని ప్రశ్నించినట్టు ఒక్కొక్కటే అడిగాడు.

"ఆ పేజీ మీరు విన్నారా?"

"లేదండీ."

"ఆ పుస్తకంలో ఇంకేదైనా పేజీ?"

"లేదు."

"మరి పూర్తిగా పరిశీలించామని ఎవరు రాశారు?"

బెంచీ మీది ఆవిడ తలెత్తి చూసింది.

"సంతకం నాదేనండీ," అంది కామా అక్క.

కింద దుకాణంలో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక లాయరు చెప్పాడు, ఆలస్యాన్ని మన్నించమని అప్పీళ్ల బోర్డుకు అర్జీ పెట్టుకున్నానని, తొమ్మిది రోజుల్లో విచారణ ఉందని. తప్పు విన్నానని తానొక్కడే చెబితే అది సాకులా ఉంటుంది. పరిశీలించామని రాసినా నిజానికి పరిశీలించలేదని గ్రంథాలయం మనిషే రాసిస్తే బోర్డు వినవచ్చు. కామా అక్కను రాసివ్వమని మాత్రం అడగలేదు.

కామా అక్క భర్త బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం సంగతంతా విని, చాలాసేపు చేతుల గ్రీజు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు, "రాసిచ్చేదేదో కామాలు సరిగ్గా పెట్టి రాయి. ఉద్యోగం పోయినా పోవచ్చు, తప్పులున్నాయని మాత్రం ఎవరూ అనకూడదు." ఆవిడ నవ్వింది. ఆయన కూడా నవ్వబోయాడు గానీ ముఖం సహకరించలేదు. ఆ పూట ఇద్దరూ కంచాల ముందు కూర్చుని లేచారు.

ప్రమాణపత్రంలో ఆవిడ ఉన్నది ఉన్నట్టు రాసింది. పదకొండు వేలలో విన్నది నాలుగు వందల పన్నెండని, మిగతావాటిని ఎవరూ వినలేదని, అయినా సంతకం పెట్టానని. ఎవరు పెట్టమన్నారో రాయలేదు. విచారణకు ముందురోజు పెద్దసారు గదికి వెళ్లి, ఒక నకలు బల్ల మీద పెట్టి వచ్చింది. ఆయన చదివి, నువ్విలా చేస్తావనుకోలేదు అన్నాడు. తానూ అనుకోలేదని ఆవిడ చెప్పింది.

విచారణ ఒక పొడవాటి గదిలో జరిగింది. బోర్డులో ముగ్గురు. కామా అక్క ప్రమాణపత్రాన్ని మధ్యలో కూర్చున్న అధ్యక్షుడు శ్రద్ధగానే చదివాడు. ముద్ర పడిన పేజీని ముగ్గురూ చేతులు మార్చుకుని చూశారు. వాళ్లలో ఒకాయన కళ్లజోడు తీసి, అంకెను కళ్లకు ఆనించుకుని మరీ చూశాడు. ఆస్పత్రి తరఫు లాయరు లేచి, తోటి న్యాయవాది పట్ల తనకు ఎంతో సానుభూతి ఉందని మొదలుపెట్టాడు. సానుభూతి అన్న మాట విన్నప్పుడే, ఇది మనవైపు తిరిగేది కాదని కామా అక్కకు అనిపించింది.

"చూపు లేని న్యాయవాది ఇంత ముఖ్యమైన పేజీని చూపున్నవాళ్లకు ఒక్కసారి చూపించుకోవద్దా?" అన్నాడాయన.

లాయరు అటు తిరిగాడు. "గడువు కోసం మీరు పుస్తకం తెరుస్తారు. అందులో అచ్చైన అంకె నిజమా కాదా అని పక్కవాళ్లకు చూపించుకుంటారా? నాకు ఆ పుస్తకం ముందుగా చెప్పిన మాటే, పూర్తిగా పరిశీలించామని. నేనూ మీలాగే నమ్మాను."

అధ్యక్షుడు ఏదో రాసుకున్నాడు. ఆ రాత చూసి కామా అక్కకు కాస్త ఆశ కలిగింది.

నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆలస్యాన్ని మన్నించలేమన్నారు. గ్రంథాలయం నిర్లక్ష్యం విచారించదగినదే కానీ దానికి ఈ బోర్డు వేదిక కాదన్నారు. తన పరిమితి తెలిసిన న్యాయవాది సాధారణ న్యాయవాది కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిందన్నారు. ఆ వాక్యాన్ని లాయరు కంప్యూటర్ చేత రెండుసార్లు చదివించుకున్నాడు. గదిలో లాండ్రీ ఆవిడా ఉంది, కామా అక్కా ఉంది.

లాండ్రీ ఆవిడ ఏడవలేదు. యంత్రం సంగతి ఏమన్నారని అడిగింది. దాని జోలికే పోలేదమ్మా, గడువు దగ్గరే ఆపేశారు అన్నాడు లాయరు.

"పోనీ, నేను కావాలని మానేయలేదని అన్నారా? అదైనా అన్నారా?"

"అనలేదమ్మా."

ఆవిడ ఎడమచేత్తో సంచీ తీసుకుని లేచింది. పదమూడో మెట్టు దగ్గర తడబడిన చప్పుడు పైకి వినపడింది. కామా అక్క పరుగున వెళ్లేసరికి ఆవిడ వీధిలో ఉంది, వెనక్కి చూడలేదు.

ఉత్తర్వులో గ్రంథాలయం పేరు ఉండటంతో పైనుంచి పెద్దసారుకు ప్రశ్నలు వచ్చాయి. వారం తిరక్కుండా గ్రంథాలయం ఒక నిర్ణయం తీసుకుంది. నాణ్యత పరిశీలన నిమిత్తం పైకి చదివే ప్రతులన్నిటినీ తాత్కాలికంగా తొలగిస్తున్నామని వెబ్‌సైట్‌లో నోటీసు పెట్టింది. పదకొండు వేలూ పోయాయి. కామా అక్క విన్న నాలుగు వందల పన్నెండు కూడా వాటితోనే పోయాయి. ఫొటోలు మాత్రం ఉంచారు. ఆ నోటీసును కూడా ఫొటోగానే పెట్టారు. చూపు లేనివాళ్లకు అది "బొమ్మ" అని వినపడింది.

ఆవిణ్ని నేలమాళిగలోకి మార్చారు. అట్టలు ఊడిన పుస్తకాలను కట్టగట్టి చీటీ తగిలించే పని. గోడకు చెమ్మ, మొబైల్‌కు సిగ్నల్ అంతంత మాత్రం. అయినా ఫోన్లు వచ్చాయి. నంబరు స్కానింగ్ గది పెద్దాయనే ఇచ్చాడు. ఎవరికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదక్కా, నువ్వే చెప్పు అన్నాడు. ఒక రిటైరైన సంగీతం మాస్టారు, ఒక టెలిఫోన్ ఆపరేటరు, పిల్లలకు కథలు వినిపించే ఒక తల్లి. అందరూ అడిగేది ఒకటే, మా పుస్తకాలేవీ అని.

వాళ్లలో టీచరు పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి మాట ఆవిణ్ని నిలువునా కోసింది. ఆ అమ్మాయి గొంతులో నిష్ఠూరం కూడా లేదు, అర్థం కాకపోవడమే ఉంది.

"తప్పులున్నాయని మాకు తెలుసక్కా. వింటూ వింటూ ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడం అలవాటైపోయింది. తప్పుల కూడైనా తినేవాళ్లం కదా. మమ్మల్ని అడక్కుండా ఎందుకు చెప్పారు?"

కామా అక్క జరిగింది చెప్పబోయింది. సగంలో సిగ్నల్ పోయింది. మళ్లీ చేయడానికి చెయ్యి రాలేదు.

ఆదివారం లాయరు గదికి వెళ్లింది. ఆయనకు అన్నీ తెలుసు. బల్ల మీద ఫైళ్లు తగ్గాయి. బోర్డు రాసిన ఆ ఒక్క వాక్యం ఊరంతా పాకింది. కేసు పట్టుకొచ్చేవాళ్లు మెట్లెక్కే ముందే ఆగిపోతున్నారు. ఆవిడ క్షమాపణ మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు. అంతవరకూ ఆయన కోపాన్ని ఆవిడ చూడలేదు.

"నిజం చెప్పారు, మంచిదే. మీ మనసు తేలికపడింది. నాకు చదువుకోవడానికి ఒక్క కాగితం లేకుండా పోయింది. మా ఆవిడ నర్సు, డ్యూటీ చేసొచ్చి నాకు నిబంధనలు చదివి పెడుతూ కూర్చున్నచోటే నిద్రపోతోంది. ఆమెను లేపాలా, ఊరుకోవాలా చెప్పండి."

మనసు తేలికపడలేదని కామా అక్క చెప్పలేదు. లేచి వచ్చేసింది.

పది రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. ఆ రోజు మాటల గురించి ఎత్తలేదు. పుస్తకాలు తీసేయడమే రెండో తప్పు అని, దాని మీద అర్జీ పెడదామని, ఫోన్లు చేసినవాళ్ల నంబర్లు కావాలని అడిగాడు. అర్జీ రాసింది లాయరు, సరిచూసింది కామా అక్క. అడిగింది పెద్దదేమీ కాదు. పుస్తకాలన్నీ తిరిగి పెట్టండి, ఏది విన్నారో ఏది వినలేదో నిజం చెప్పండి, తప్పు ఎదురైతే ఏంచేయాలో మేం చూసుకుంటాం. అరవై ముగ్గురు సంతకాలు పెట్టారు. సంగీతం మాస్టారు ఐదుగురిని వెంటబెట్టుకొచ్చాడు. టీచరు పరీక్ష అమ్మాయి తన సంతకాన్ని పోస్టులో పంపింది.

గ్రంథాలయం పాలకవర్గం మొదటి సమావేశంలో అర్జీని చూడలేదు. రెండోసారి చూసి వాయిదా వేసింది. మూడోసారి ఒక ఉపసంఘం వేసింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం పెద్దసారు నేలమాళిగలోకి దిగి వచ్చాడు. కట్టల మధ్య కూర్చోవడానికి చోటు లేక నిలబడే మాట్లాడాడు. పదకొండు వేలూ నీ ఒక్కదాని సంతకం కింద తోశాను, అది నాకు తెలుసు అన్నాడు. మళ్లీ పైకి రమ్మన్నాడు. ఆ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరని కూడా అన్నాడు. వాటిలో ఏది అసలు కారణమో ఆవిడ అడగలేదు.

పుస్తకాలు తిరిగి ఎక్కాయి. నాలుగు వందల పన్నెండు తప్ప మిగతా ప్రతిదాని ముందూ కొత్త వాక్యం పెట్టారు. దాన్ని కామా అక్కే రాసింది. "ఈ పుస్తకాన్ని ఇంకా ఏ మనిషీ వినలేదు. తప్పులుండవచ్చు. పట్టికలనూ అంకెలనూ నమ్మవద్దు." చివరి వాక్యం ఎందుకని ఉపసంఘంలో ఒకాయన అభ్యంతరం చెప్పాడు. ఈసారి పెద్దసారే ఉండనీయమన్నాడు.

లాండ్రీ ఆవిడకు మాత్రం ఏదీ తిరిగి రాలేదు. పై కోర్టుకు వెళదామని లాయరు రెండుసార్లు కబురు పెట్టాడు. ఆవిడ రాలేదు. ఏదో లాడ్జిలో గదులు తుడుస్తోందని, ఎడమచేత్తోనే పిండటం నేర్చుకుందని ఎవరో చెప్పారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. లాయరు వాదనలకు వెళ్లడం తగ్గించుకున్నాడు. వేరే లాయర్లకు అర్జీలు రాసిపెడుతున్నాడు. వాటి కింద ఆయన పేరు ఉండదు.

పైకి వచ్చిన రోజే కామా అక్క వరుస తప్పించి ఒక పుస్తకం ముందుకు లాగింది. పిల్లల మనస్తత్వం మీద, టీచరు పరీక్షకు చదివేది. మూడు వందల ఎనభై పేజీలు, ముప్పై ఒక్క పట్టికలు. ఆ అమ్మాయి ఏ పుస్తకం కోసం ఫోన్ చేసిందో ఆవిడ అప్పుడే చీటీ మీద రాసుకుంది. మూడు వారాలు దాని మీదే కూర్చుంది. పూర్తయిన మధ్యాహ్నం, హెడ్‌ఫోన్లు మెడలో ఉండగానే ఫోన్ చేసింది. పుస్తకం ఎక్కించేశానని, మొత్తం తనే విన్నానని చెప్పింది.

అవతల బస్సుల చప్పుడు.

"పరీక్ష పోయిన ఆదివారం అయిపోయిందక్కా."

కామా అక్క కుర్చీలో వెనక్కి జారబడింది. ఎలా రాశావని అడిగింది. వెళ్లలేదని చెప్పింది అమ్మాయి. సగం సిలబస్ వినకుండా వెళ్లి, రాసిపెట్టే మనిషి పక్కన ఉత్తచేతులతో కూర్చోవడం ఎందుకనిపించిందట. మళ్లీ పరీక్ష రెండేళ్లకు. అప్పటికి వయసు దాటిపోతుందేమో, కనుక్కోవాలి అంది. ఆ తర్వాత, ఎదుటి మనిషి బాధపడుతోందని తెలిసినట్టు, గొంతు మార్చి అడిగింది.

"అందులో పట్టికలు సరిగ్గా వస్తాయా అక్కా?"

"వస్తాయమ్మా. ముప్పై ఒకటీ విన్నాను."

"అయితే ఉండనీయండి. వింటాను. బస్సు వచ్చింది, పెట్టేస్తున్నా."

ఆ తర్వాతి పుస్తకం వ్యవసాయ పనిముట్ల మీద. అందులో నూట పన్నెండు బొమ్మలున్నాయి. కామా అక్క మొదటిదాన్ని తెర మీదికి తెచ్చి, అందులో ఏముందో రాయడం మొదలుపెట్టింది.